కథ మేలా, రచ్చ మేలా? ఓపెన్ వరల్డ్ షూటర్లను పక్కపక్కన పెట్టి చూస్తే

మా అక్క కొడుకు బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఉండేది కాజీపేటలో. సంక్రాంతి సెలవులకు హన్మకొండలో మా ఇంటికొచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మంచి కథ ఉన్న గేమ్ కావాలన్నాడని రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పెట్టిచ్చాను. గంటన్నర ఆడి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

"ఏంది మామా గిది? ముందటోళ్ల ఎంబడి గుర్రం మీద పోవుడే ఉన్నది. జెర పక్కకు పోతే మిషన్ ఫెయిల్ అంటున్నది. గట్లయితే గింత పెద్ద లోకం ఎందుకు చేసిన్రు?"

వాడు అడిగినదాంట్లో న్యాయం ఉంది. రెండు వారాలుగా ఆ ప్రశ్నే నా తలలో తిరుగుతోంది. అందుకే ఓపెన్ వరల్డ్ షూటర్లలో, అంటే పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ కాల్చే గేమ్‌లలో, నేను పూర్తిగా ఆడినవి మాత్రమే తీసుకుని రాస్తున్నాను. కథల్లోని మలుపులు కొన్ని బయటపడతాయి, ముందే చెబుతున్నాను.

నా చిన్నప్పుడు ఈ ప్రశ్నే లేదు. నయీంనగర్‌లో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకు పదిహేను రూపాయలు. అందరం ఆడేది జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) సిరీస్‌లోని వైస్ సిటీయే. లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో చీట్ కోడ్లు రాసుకుని వెళ్లేవాళ్లం. కీబోర్డు మీద పాంజర్ అని కొడితే నడిరోడ్డు మీద యుద్ధ ట్యాంకు వచ్చి పడేది. ఇక ఆ గంటంతా పోలీసులు, పేలుళ్లు, అరుపులు. రెండేళ్లు ఆడినా టామీ వెర్సెట్టి ఎవరో నాకు తెలియదు. పదిహేనేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చిన మనిషని, మొదటి బేరంలోనే మోసపోయాడని, ఉద్యోగం వచ్చాక సొంత కంప్యూటర్‌లో మిషన్లు ఆడితేనే తెలిసింది. గంటకు డబ్బులు కట్టి ఆడేవాడికి కథ వినే తీరిక ఎక్కడిది? మా రచ్చకు అదీ ఒక కారణం.

కథకూ రచ్చకూ మధ్య ఉన్న ఈ తగువుకు గేమ్‌లు చేసేవాళ్లలో ఒక పేరుంది. 2007లో క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ బయోషాక్ అనే గేమ్ గురించి రాస్తూ ఆ మాట వాడాడు. లూడోనేరటివ్ డిసొనెన్స్. పలకడానికి కష్టంగా ఉన్నా సంగతి తేలికే. కథ ఒకటి చెబుతుంది, చేతుల్లోని ఆట ఇంకొకటి చేయిస్తుంది, రెండింటికీ పొంతన కుదరదు. కట్ సీన్‌లో, అంటే మనం ఆడకుండా చూసే సినిమా ముక్కలో, కన్నీళ్లు పెట్టుకున్న హీరో, మరుక్షణం దారిన పోయేవాళ్ల మీదికి కారు ఎక్కిస్తాడు. ఎక్కించేది మనమే.

నేను మాత్రం ఈ గేమ్‌లను తూచడానికి వేరే కొలత పెట్టుకున్నాను. అది ఐనవోలు మల్లన్న జాతరలో దొరికింది. చిన్నప్పుడు నాయన భుజాల మీద కూర్చుని అక్కడ ఒగ్గు కథ విన్నాను. డోలు దద్దరిల్లుతుంటే ప్రధాన కథకుడు మల్లన్న కథ ఎత్తుకునేవాడు. పక్కన వంతపాడే ఆయన మధ్యలో దూరి ఊరి మీద జోకులేసేవాడు, అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసేవాడు. జనం పడిపడి నవ్వేవాళ్లు. కథలో కష్టం వచ్చేసరికి ఆయనే గొంతు తగ్గించి వంత కలిపేవాడు. నవ్వు ఎవరి నోట రావాలో, ఎప్పుడు తప్పుకోవాలో వాళ్లకు తెలుసు. అందుకే ఏ గేమ్ ఆడినా ముందు ఒకటి చూస్తాను. ఇందులో రచ్చ ఎవరిది?

ఆ కొలతతో చూస్తే రెడ్ డెడ్ 2లో రచ్చ ఎవరిదీ కాదు. 2018లో వచ్చిన ఈ గేమ్‌లో ఆర్థర్ మోర్గాన్ అనే దొంగ అప్పు వసూలుకని ఒక పేదవాడిని కొట్టి, అతని దగ్గరి నుంచే క్షయ అంటించుకుంటాడు. అక్కడి నుంచి చావును వెంటేసుకుని తిరిగే మనిషి కథ. నాకు తెలిసిన గేమ్‌లలో ఇంత బరువైన కథ మరొకటి లేదు. మిషన్‌లో దారి తప్పితే ఫెయిల్ చేసేది ఆ బరువు చెదరకూడదనే. మా అల్లుడికి విసుగొచ్చింది అక్కడే, నాకూ కొన్నిచోట్ల వచ్చింది. కానీ మిషన్ బయట ఈ గేమ్ ఇచ్చే సరదా వేరు. గుర్రానికి మాలిష్ చేయడం, దారిన పోయేవాడిని పలకరించడం, రాత్రి క్యాంపులో మంట చుట్టూ పాటలు వినడం. పెంచుకున్న గుర్రం చచ్చిపోతే పోయినట్టే. నాది ఒకసారి కొండ అంచు నుంచి జారింది. ఆ రాత్రి ఇక ఆడబుద్ధి కాలేదు. ఇక్కడ సరదా కథ చెయ్యి పట్టుకుని మెల్లగా నడుస్తుంది.

దీనికి పూర్తిగా అవతలి గట్టు 2015 నాటి జస్ట్ కాజ్ 3. మెడిచి అనే దీవుల దేశం, డి రావెల్లో అనే నియంత, అతన్ని దించడానికి వచ్చిన రీకో. కథ అంతే, అంతకన్నా అడగకూడదు. చేతికి కట్టుకున్న హుక్‌తో రెండు వస్తువులను తాడేసి లాగొచ్చు. నియంత విగ్రహానికి తాడు కట్టి కూల్చిన మొదటిసారి నేను గట్టిగా అరిచాను. దసరాకు కుర్రాళ్లంతా ఒకచోట చేరి ఒక్కో చావుకు కంట్రోలర్ చేతులు మార్చుకునేటప్పుడు దీన్ని మించింది లేదు. ఒంటరిగా నాలుగో రోజు ఆడుతుంటే మాత్రం, ఎందుకు పేలుస్తున్నానో గుర్తుండదు.

సెయింట్స్ రో సంగతి నాకు బాధగా ఉంటుంది. 2008లో వచ్చిన రెండో భాగంలో ఎంత పిచ్చి వేషాలున్నా, శత్రువులు మన ముఠాలోని కార్లోస్‌ను ట్రక్కుకు కట్టి ఈడ్చాక, కొన ఊపిరితో ఉన్న అతన్ని మన చేత్తోనే కాల్చి విముక్తి కలిగించాల్సి వస్తుంది. అంతసేపు నవ్వాం కాబట్టే ఆ ఒక్క తూటా అంత గట్టిగా తగిలింది. 2013 నాటి నాలుగో భాగానికి వచ్చేసరికి హీరో అమెరికా అధ్యక్షుడు, మీదికి వచ్చేది గ్రహాంతరవాసులు. సరదాగానే ఉంటుంది. కానీ కార్లోస్‌లాంటివాడికి అక్కడ చోటు మిగల్లేదు. 2022లో సిరీస్‌ను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నా నిలబడలేదు, చేసిన వొలిషన్ స్టూడియో 2023 ఆగస్టులో మూతపడింది.

ఇక రెండూ ఒకే కుండలో వండాలని చూసినవాళ్లు. నన్నడిగితే అసలు పోటీ వీళ్ల మధ్యే.

2013లో వచ్చిన జీటీఏ 5 ఒగ్గు కథ కిటుకునే పట్టుకుంది. మైకేల్, ఫ్రాంక్లిన్, ట్రెవర్ అని ముగ్గురు హీరోలు. మైకేల్ ఇంటి గొడవలు, నడివయసు దిగులు కథకు బరువు. ట్రెవర్ చేతికి రచ్చ అప్పజెప్పారు. అతని దగ్గరికి మారినప్పుడల్లా ఏ కొండ మీదో ఒంటిమీద బట్టలు సరిగా లేకుండా నిద్రలేస్తూ కనిపిస్తాడు. ఊరు తగలబెట్టాలనిపిస్తే ట్రెవర్‌గా మారి తగలబెట్టు, కథకేం నష్టం లేదు, అతను అలాంటివాడే. ఇంత తెలివైన ఏర్పాటు ఇంకో గేమ్‌లో చూడలేదు.

ఫార్ క్రై సిరీస్ వాళ్లది వేరే దారి. ఇందాక చెప్పిన హాకింగే 2008లో ఫార్ క్రై 2కు దర్శకుడు. ఆటకూ కథకూ పొంతన లేదని రాసిన మనిషి, ఆటనే కథంత కఠినంగా చేసి చూశాడు. హీరోకు మలేరియా. కాల్పుల మధ్యలో కళ్లు తిరుగుతాయి, తుపాకీ జామ్ అవుతుంది. మనల్ని కాపాడే స్నేహితుడు దెబ్బతిని పడిపోతే, ఒక్కోసారి మందు సూది వేసినా లేవడు. ఇంకో సూది అని అడుగుతాడు. అది వేస్తే పోతాడని మనకు తెలుసు. అయితే ఖాళీ చేసిన చెక్‌పోస్టులు కాస్త దూరం వెళ్లొచ్చేసరికి మళ్లీ నిండిపోతాయి. ఆ అలసట వల్లే చాలామంది దీన్ని మధ్యలో వదిలేశారనుకుంటాను. నేనూ రెండుసార్లు వదిలి మూడోసారి పూర్తి చేశాను.

2012లో వచ్చిన మూడోది ఈ ముడిని ఇంకోలా విప్పింది. జేసన్ బ్రోడీ స్నేహితులతో సెలవులకు వచ్చి వాస్ అనే దొంగల నాయకుడి చేతికి చిక్కిన కుర్రాడు. తప్పించుకునేటప్పుడు అన్న ఒక కాపలావాణ్ణి చంపితే చూసి వణికిపోతాడు. తర్వాత కొన్ని గంటలకు గంజాయి తోటలను తగలబెట్టే మిషన్ వస్తుంది. చేతిలో మంటలు చిమ్మే తుపాకీ, వెనక హోరెత్తే సంగీతం. నేను కుర్చీ అంచుకు వచ్చి నవ్వుతూ కాలుస్తున్నాను. సరిగ్గా అప్పుడే తెరలో జేసన్ కూడా కేకలు పెట్టాడు. నాకెంత సరదాగా ఉందో వాడికీ అంతే సరదాగా ఉంది. అది వినగానే వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. చంపడం వాడికి రుచి మరిగింది, ఆ రుచి మరిగించింది నేను. తర్వాత ప్రియురాలు వాడిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తే, ఆ చూపు నాకూ తగిలింది. రచ్చ ఎవరిదంటే ఇక్కడ జేసన్‌దే, అదే కథ. వాస్ సగంలో పోయాక మిగతా భాగం చప్పబడిన మాట నిజమే. అయినా కథకూ రచ్చకూ రెండింటికీ చోటిచ్చిన గేమ్ ఒక్కటి చెప్పమంటే నేను దీని పేరే చెబుతాను.

2018 నాటి ఐదోది నన్ను బాగా కష్టపెట్టింది. మోంటానాలో ఒక మతగురువు జోసెఫ్ సీడ్, అతని ముఠా. ప్రశాంతంగా చేపలు పడుతుంటాం, లేదా చీజ్‌బర్గర్ అనే ఎలుగుబంటిని వెంటేసుకుని తిరుగుతుంటాం. ఆ ప్రాంతంలో చేసిన పనులకు పాయింట్లు నిండగానే వేటగాళ్లు వచ్చి మత్తు తూటా పేలుస్తారు. కళ్లు తెరిస్తే బంధించి ఉంటాం, ఎదురుగా విలన్ ప్రసంగం. ఒకసారి కాదు, పదేపదే. పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి రెక్క పట్టుకుని లేపినట్టు ఉంటుంది. పైగా మన పాత్ర నోరు విప్పదు. ఇక రచ్చ ఎవరిదని చెప్పగలం? చివర్లో అణుబాంబులు పడతాయి. అంత పెద్ద ముగింపుకు నా మనసులో చోటు సిద్ధంగా లేదు.

నాలుగోదాన్ని చివరికి ఉంచుకోవడానికి కారణముంది. 2014లో వచ్చింది. హిమాలయాల్లో కీరాట్ అనే కల్పిత దేశం. అజయ్ ఘాలే అక్కడికి వచ్చేది తల్లి అస్థికలు కలపడానికి. లక్ష్మణ దగ్గరికి చేర్చమని ఆమె చివరి కోరిక.

మా వైపు అస్థికలు కాళేశ్వరం తీసుకెళ్తాం, గోదావరి, ప్రాణహిత కలిసే చోటికి. మా నాయనమ్మవి తీసుకెళ్లిన రోజు పరకాల, భూపాలపల్లి మీదుగా వెళ్లాం. ఎర్రగుడ్డ కట్టిన కుండ నాయన ఒళ్లో ఉంది. భూపాలపల్లిలో టీ కోసం బండి ఆపితే అందరం దిగాం, నాయన దిగలేదు. కుండ సీటు మీద పెట్టి దిగొచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. గ్లాసు కిటికీలోంచి అందించినా తాగలేదు.

ఫార్ క్రై 4లో నేను ఏనుగెక్కి శత్రువుల శిబిరాలను తొక్కించాను. చిన్న హెలికాప్టర్‌లాంటి బండి వేసుకుని కొండల మీద తిరిగాను. తోలు కోసం జంతువులను వేటాడాను. ఓ ముప్పై గంటలయ్యాక, ఒక రాత్రి గేమ్ ఆపి పడుకున్నప్పుడు గుర్తొచ్చింది, అజయ్ సంచిలో అమ్మ ఉంది. ఆ ఏనుగు సవారీ అంత సంతోషం ఇంకే గేమ్‌లోనూ నాకు దొరకలేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ కొడుకు చేతికి అలాంటి పని అప్పజెప్పి, దారి పొడవునా వంద ఆటబొమ్మలు పరిస్తే, కొడుకు తప్పిపోయేది ఖాయం. మొదలుపెట్టిన కథకు గేమ్ అక్కడ మాట తప్పింది.

కాబట్టి ఎవరికి ఏది అంటే, డ్యూటీ అయ్యాక రాత్రి ఒక్క గంట దొరికేవాళ్లకు ఫార్ క్రై 3. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఎక్కడ వదిలినా మళ్లీ అందుకోవచ్చు. రెడ్ డెడ్ 2 ప్రధాన కథకే దాదాపు 50 గంటలు పడుతుంది, డిస్కులో 150 జీబీ చోటడుగుతుంది. పది రోజులు సెలవు ఉంటే తప్ప మొదలుపెట్టొద్దు, మొదలుపెడితే మంచు కొండల్లో సాగే మొదటి అధ్యాయంలో ఆపొద్దు. ఒకే గేమ్ కొనే డబ్బుంటే జీటీఏ 5. ఇవన్నీ పెద్దవాళ్ల కోసం చేసినవి, ఇంట్లో చిన్నపిల్లలుంటే గది తలుపు వేసుకుని ఆడండి.

కనుమ రోజు మా అల్లుడికి ఫార్ క్రై 4 పెట్టిచ్చాను, ఏమీ చెప్పకుండా. మొదట్లోనే పేగన్ మిన్ అనే రాజు అజయ్‌ను భోజనం బల్ల ముందు కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు, వస్తానని వెళ్తాడు. కింది నుంచి ఎవరిదో కేక వినిపిస్తుంది. అందరూ అక్కడే లేచి పారిపోతారు, గేమ్ మొదలవుతుంది.

"లేవాల్నా మామా?"

"నీ ఇష్టం రా."

"కూసోమన్నడు గదా, సూద్దాం" అని మౌస్ వదిలేసి సకినాల గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. పావుగంట దగ్గర పడింది. తెర మీద బల్ల, పళ్లెం, అంతే. నేను నోరు తెరవలేదు. పేగన్ తిరిగొచ్చాడు. కూర్చున్నందుకు మెచ్చుకుని, అజయ్‌ను నేరుగా లక్ష్మణ సమాధి దగ్గరికి తీసుకెళ్లాడు. లక్ష్మణ ఎవరో అక్కడ తెలిసింది, చిన్నప్పుడే పోయిన చెల్లెలు. అజయ్ అమ్మను అక్కడ ఉంచి బయటికొచ్చాడు. పేర్లు పడ్డాయి.

"అయిపోయిందా? ఒక్క తూట గూడ పేల్చలే!"

"అయిపోయింది."

కాసేపు పేర్లు పైకి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గిన్నె పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, న్యూ గేమ్ నొక్కాడు. ఈసారి పేగన్ గది దాటగానే బల్ల దగ్గరి నుంచి లేచాడు.