పాకెట్ ధమ్మపదం ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు చివరి గాథ నంబరు చూడండి

జేబులో పెట్టుకునే ధమ్మపదం, అంటే బుద్ధుడి గాథల పుస్తకం, తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఇది చదివాక డబ్బు కట్టండి. వైశాఖ పౌర్ణమికి నాన్న కోసం ఒకటి కొని మోసపోయాను. పోయింది 349 రూపాయలే. కానీ ఆ పుస్తకం వల్ల నాన్న బస్సులో పడ్డ బాధ చూశాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్న రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ధమ్మపదం ఉంటుంది. దాని పక్కన కళ్లజోడు కూడా పెట్టరు, చేత్తో పట్టుకుంటారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న బౌద్ధ దీక్ష తీసుకున్న నాగపూర్ దీక్షాభూమికి ఓ విజయదశమికి వెళ్లినప్పుడు కొనుక్కున్న పుస్తకం అది. మా కోనసీమ చెమ్మ తెలిసిందే కదా. వానాకాలమంతా పాలిథిన్ కవర్లో చుట్టుకుని తిరిగినా, ఇన్నేళ్ల చెమటకి అట్ట నాని అక్షరాలు అలుక్కుపోయాయి. అందుకే కొత్తది తెప్పించాను.

ప్రకటనలో సంపూర్ణ ధమ్మపదం అన్నారు. 423 గాథలు, తెలుగు లిపిలో పాళీ, కింద తాత్పర్యం, గుడ్డ సంచి ఉచితం. ఫొటోలో కుట్టు బైండింగ్ కూడా కనిపించింది. తీరా వచ్చింది జిగురుతో అంటించిన పుస్తకం. ఆ రోజే వెనక్కి పంపాల్సింది. నాన్న అప్పటికే కళ్లకద్దుకుని జేబులో పెట్టేసుకున్నారు. పండగ ముందు ఆయన చేతిలోంచి లాక్కోబుద్ధి కాలేదు.

ఆ సంచికేమో బెల్టుకు తగిలించుకునే కొక్కెం! "నడుముకి వేలాడేసుకోడానికి ఇదేమన్నా తాళాల గుత్తా అమ్మా?" అన్నారు నాన్న. టిబెట్ బౌద్ధులు గ్రంథాన్ని వట్టి నేల మీద పెట్టరు, దాటరు, దాని మీద వేరే వస్తువు పెట్టరు. శ్రీలంక, బర్మా వైపు పాటించే థేరవాదంలో పుస్తకం ఫలానా చోటే పెట్టుకోవాలన్న నియమం వినయపిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, లేదు. బుద్ధుడి మాటలు ముందు నోటి నుంచి నోటికే వచ్చాయి, క్రీ.పూ. 1వ శతాబ్దంలో సింహళంలో (ఇప్పటి శ్రీలంక) రాతకెక్కాయి. అయితే భిక్షువుల నడవడికకి సంబంధించిన 75 సేఖియ నియమాల్లో 16 ధమ్మం, అంటే బుద్ధుడి బోధ, చెప్పేటప్పుడు పాటించాల్సిన మర్యాద గురించే. జబ్బు లేకుండా చెప్పులేసుకుని వినేవాడికి, పడుకుని వినేవాడికి చెప్పకూడదంటాయి. వినడానికే అంత మర్యాద ఉన్నప్పుడు వెంట తీసుకెళ్లడానికి ఉండదా అంటారు నాన్న. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆ సంచి వాడలేదు.

పౌర్ణమి రోజు ఆదుర్రు స్తూపం దగ్గరికి బయల్దేరాం. మా వైపు దుబరాజు గుడి అంటారే, అదే. మామిడికుదురు వెళ్లే బస్సు కిటకిటలాడుతోంది, ఎండ మండిపోతోంది. సీటు దొరగ్గానే నాన్న పుస్తకం తెరిచారు. వేడికి జిగురు వదిలేసిందేమో, మధ్యలోంచి కాగితాలు జారి జనం కాళ్ల కింద పడ్డాయి. డెబ్బై దాటిన మనిషి, ఆ రద్దీలో మోకాళ్ల మీద కూర్చుని "బాబూ, కాస్త కాలు తియ్యండి, అమ్మా, కాస్త జరగండి" అంటూ ఒక్కొక్క కాగితమే ఏరుకున్నారు. జనం మంచివాళ్లే, పాపం, తలా ఒకటి తీసిచ్చారు. ఒకదాని మీద మాత్రం చెప్పు ముద్ర పడింది. దిగేదాకా నాన్న దాన్ని కండువాతో తుడుస్తూనే ఉన్నారు.

అసలు సంగతి స్తూపం దగ్గర బయటపడింది. కాగితాలు వరసలో పేరుస్తుంటే 382వ గాథతో అయిపోయాయి. బస్సులో పోయాయేమోనని కంగారుపడ్డాం. కానీ పేజీ నంబర్లు ఎక్కడా తెగలేదు. 25వ వర్గం (అధ్యాయం) అయిన భిక్షు వర్గం అవ్వగానే వేరే పుస్తకాల ప్రకటన ఉంది. విషయసూచికలో 26 వర్గాలూ ఉన్నాయి, లోపల బ్రాహ్మణ వర్గం లేదు. 41 గాథలు అచ్చే వెయ్యలేదు. నాన్నకి ప్రాణమైన 393వ గాథ అందులోదే: "న జటాహి న గొత్తేన న జచ్చా హోతి బ్రాహ్మణో". జడల వల్లా గోత్రం వల్లా పుట్టుక వల్లా ఎవడూ బ్రాహ్మణుడు కాడు, సత్యం, ధమ్మం ఉన్నవాడే అని. నా చిన్నప్పుడు బళ్లో ఎవరో కులం పేరెత్తి ఏదో అంటే, ఏడుస్తూ వచ్చిన నాకు ఈ గాథే నేర్పారు.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే, రిటర్న్ గడువు 7 రోజులు దాటిందన్నారు. ఊడిన కాగితాలు పారేసి కొత్తది ఆర్డరు పెట్టమన్నారు, పది శాతం తగ్గిస్తారట. పారెయ్యమని ఎలా అనగలిగారో! జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, జవాబు ఇంకా రాలేదు.

మీరు కొంటే పార్శిల్ విప్పుతూ వీడియో తీయండి. తెరవగానే చివరి గాథ 423 ఉందో లేదో, ముందు విషయసూచికతో కాకుండా లోపలి పేజీల్లోనే చూడండి. పుస్తకం మధ్యకి తెరిస్తే దారం కనబడాలి. కొనకముందే చివరి పేజీ ఫొటో అడగండి, ఇవ్వకపోతే కొనొద్దు.

ఊడిన కాగితాలు నాన్న తెల్లగుడ్డలో కట్టి బీరువా పై అరలో పెట్టారు. మళ్లీ ఆ పాత పుస్తకమే జేబులో పెట్టుకుంటున్నారు. 26 వర్గాలూ ఉండి, కుట్టు బైండింగ్ ఉన్న పాకెట్ సైజుది మీకెక్కడన్నా కనబడితే చెప్పండి. నాన్న జేబు వెడల్పు నాలుగున్నర అంగుళాలు, లోతు అయిదు.