కొత్తగా నేర్చుకునేవారికి కాసియో సీటీ-ఎస్300 కీబోర్డు: ఒక సమీక్ష

నేర్చుకోవడానికి ఏ వాద్యం తేలిక అని అడిగేవారు సాధారణంగా ధర గురించో, ఇంట్లో పెట్టుకోవడానికి పట్టే చోటు గురించో ఆలోచిస్తారు గానీ, మొదటి కొన్ని నెలల్లో మనిషిని సాధనలో నిలబెట్టేవీ, విసిగించి మానిపించేవీ రెండే విషయాలు: నాదం పలికించడం ఎంత కష్టం, స్వరస్థానం పట్టుకోవడం ఎంత కష్టం. వయొలిన్‌లో ఈ రెండూ కష్టమే. కమాను సరిగా పడకపోతే తీగ కీచుమంటుంది, మెట్లు లేని పలక మీద వేలు వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతి వినిపిస్తుంది. వేణువుకు స్వరాల కోసం రంధ్రాలు ఉన్నా, ఊదడం కుదిరి నాదం నిలిచేసరికే చాలామంది ఓపిక నశిస్తుంది, పైగా ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు కావాలి. వీణకు 24 మెట్లు ఉన్నాయి కాబట్టి స్వరస్థానం తేలిగ్గానే దొరుకుతుంది, కానీ ధర, పరిమాణం, తీగలను తరచు శ్రుతి చేసుకోవలసి రావడం కొత్తవారిని వెనక్కి లాగుతాయి. కీబోర్డులో ఈ ఇబ్బందులేవీ లేవు. మెట్టు నొక్కితే ఆ స్వరం పలికి తీరుతుంది. అందుకే కొత్తవారికి నేను సూచించేది కీబోర్డునే, అందులోనూ కాసియో సీటీ-ఎస్300ను.

ఈ మధ్య బాగా ప్రచారంలోకి వచ్చిన కలింబా (బొటనవేళ్ళతో మీటే రేకుల పెట్టె), యుకులేలే (చిన్న గిటారు వంటిది) గురించి ఇక్కడే చెప్పడం మంచిది. మార్కెట్లో ఎక్కువగా దొరికే 17 రేకుల కలింబాను సీ మేజర్ స్కేలులో శ్రుతి చేసి అమ్ముతారు, అంటే మన లెక్కలో శంకరాభరణ రాగం స్వరాలు మాత్రమే అందులో ఉంటాయి. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలను మాయామాళవగౌళ రాగంలో నేర్పుతారు కాబట్టి, దానికి కావలసిన శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఆ పెట్టెలో ఉండవు. రేకులను జరిపి శ్రుతి మార్చుకోవచ్చు గానీ అది కొత్తవారు చేసే పని కాదు. ముచ్చటైన వస్తువే, కాకపోతే పాఠం మొదటి రోజునే ఆగిపోతుంది. యుకులేలే అంతకంటే చాలా నయం. నాలుగే నైలాన్ తీగలు, సీ కార్డుకు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపుకు) ఒక్క వేలు చాలు, గొంతెత్తి సినిమా పాట పాడుకుంటూ తోడుగా మీటుకోవాలనుకునేవారికి అంతకు మించినది అక్కర్లేదు. పాటను స్వరాలుగా వాయించాలనుకునేవారికి మాత్రం అది నా రెండో ఎంపిక.

ఇక అసలు వస్తువు సంగతికి వస్తే, సీటీ-ఎస్300లో మామూలు పరిమాణం గల 61 మెట్లు ఉన్నాయి, అంటే అయిదు స్థాయిలు. బరువు 3.3 కిలోలు, వెనుకవైపు పట్టుకోవడానికి పిడి కూడా ఉండడంతో పిల్లలు సైతం చంకలో పెట్టుకుని గురువుగారి ఇంటికి తీసుకువెళ్ళవచ్చు. ఏఏ సైజు బ్యాటరీలు ఆరు వేస్తే కరెంటు పోయినా సాధన ఆగదు. 400 రకాల నాదాలు, 77 లయలు, 60 పాటలు లోపలే ఉన్నాయని పెట్టె మీద గొప్పగా రాసి ఉంటుంది గానీ, కొనేవారు ఈ అంకెలను చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ పాటలు ఎక్కువగా పాశ్చాత్య సంగీతానివి, మన పాఠాలకు పనికిరావు. నాదాల్లో నికరంగా వాడుకునేవి పియానో, ఆర్గాన్, వేణువు వంటి నాలుగైదు మాత్రమే. మా ఇంట్లో దీన్ని వాయించే ఆరో తరగతి మేనకోడలు మొదటి వారమంతా కుక్క అరుపుల కోసం, డ్రమ్ముల కోసం మీటలు తిప్పి, ఆ సరదా తీరాక తనంతట తానే పియానో నాదానికి వచ్చి స్థిరపడింది. నిజంగా అక్కరకు వచ్చేది అందులోని మెట్రోనోమ్, అంటే సమంగా టిక్కుటిక్కుమంటూ లయ చూపేది; తాళం చేతితో వేసుకుంటూ వాయించడం కుదరని వాద్యం కాబట్టి, కాలప్రమాణం నిలబడడానికి అదే దిక్కు.

కీబోర్డును మన సంగీతానికి దగ్గర చేసే సదుపాయం ట్రాన్స్‌పోజ్, అంటే అవే మెట్లు నొక్కుతున్నా శ్రుతి మొత్తాన్ని పైకో కిందికో జరపడం. మన గాయకులు చెప్పే ఒకటి, ఒకటిన్నర, నాలుగున్నర, అయిదున్నర శ్రుతులన్నీ హార్మోనియం మెట్ల లెక్కే. సీ అనే తెల్ల మెట్టు ఒకటి శ్రుతి, దాని పక్కనున్న నల్ల మెట్టు ఒకటిన్నర, ఆ తరువాతి తెల్ల మెట్టు రెండు. ఇలా లెక్కపెడుతూ పోతే జీ షార్ప్, అంటే జీ తరువాతి నల్ల మెట్టు, అయిదున్నర అవుతుంది. ఒకటి శ్రుతిలో మాయామాళవగౌళ వాయించాలంటే షడ్జమానికి సీ, దాని పక్క నల్ల మెట్టు మీద రిషభం, తరువాత గాంధార, మధ్యమ, పంచమాలకు ఈ, ఎఫ్, జీ అనే తెల్ల మెట్లు, మళ్ళీ నల్ల మెట్టు మీద ధైవతం, చివర తెల్ల మెట్టు బీ మీద నిషాదం. కుడిచేతి బొటనవేలితో స, చూపుడువేలితో రి, మధ్యవేలితో గ పలికించాక, మధ్యవేలి కిందుగా బొటనవేలు జారి వచ్చి మ మీద పడాలి. ఈ ఒక్క జారుడు అలవాటైతే చాలు, మిగిలిన నాలుగు స్వరాలూ వరుసగా వేళ్ళకు అందుతాయి. ఇంతవరకు నేర్చిన పిల్ల అయిదున్నర శ్రుతిలో పాడేదైతే, వేళ్ళ అమరిక ఏమీ మార్చకుండా ట్రాన్స్‌పోజ్‌ను (నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెట్టి) నాలుగు మెట్లు కిందికి గాని, ఎనిమిది మెట్లు పైకి గాని జరిపితే సరిపోతుంది.

ఈ సౌకర్యంలో ఒక చిక్కు కూడా ఉంది. ఎప్పుడూ ట్రాన్స్‌పోజ్ మీదే ఆధారపడి ఒకటి శ్రుతి వేళ్ళతోనే వాయించినవారు, భజన మందిరంలోనో నాటక సమాజంలోనో మామూలు హార్మోనియం ముందు కూర్చున్న రోజున, పాడేవారు నాలుగున్నర అనగానే తెల్లబోతారు. కాబట్టి ఒకటి శ్రుతిలో చేయి తిరిగాక, అయిదు శ్రుతిలోనూ నాలుగు శ్రుతిలోనూ అవే వరుసలను ట్రాన్స్‌పోజ్ లేకుండా వాయించి చూసుకోవాలి.

ఇదే వరుసలో సీటీ-ఎస్200 అనే తమ్ముడు కూడా ఉన్నాడు. చూడడానికి రెండూ ఒకటే, మెట్ల సంఖ్య, బరువు, నాదాల సంఖ్య అన్నీ ఒకటే. తేడా అంతా రెండు చోట్ల ఉంది, ఆ రెండూ ముఖ్యమైనవే. 300లో వేలి ఒత్తిడిని బట్టి నాదం పెరుగుతుంది, తగ్గుతుంది. 200లో మెల్లగా తాకినా, గట్టిగా కొట్టినా ఒకే మోత. వేలికి బరువు తెలియని సాధన ఏడాదిపాటు సాగితే, ఆ తరువాత పియానో ముందు కూర్చున్నా ఆ చేయి మొద్దుగానే ఉంటుంది. రెండో తేడా, 300కు ఎడమవైపు పిచ్ బెండ్ చక్రం (మోగుతున్న స్వరాన్ని కాస్త పైకో కిందికో వంచేది) ఉంది, 200కు లేదు.  రెండింటి ధరల మధ్య తేడా ఎంతైనా, ఏడాది తిరగకుండానే ఒకటి అమ్మి ఇంకొకటి కొనడంలో పోయే డబ్బు కంటే అది తక్కువే. 32 చిన్న మెట్ల కీబోర్డులను బొమ్మలుగా కొనుక్కోవచ్చు గానీ, వాటి మెట్లు ఇరుకు కావడంతో పెద్దవారి వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటి మీద నేర్చిన దూరాలు మామూలు మెట్ల మీద పనిచేయవు కూడా.

పిచ్ బెండ్ చక్రం గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే కీబోర్డు మీద మన విద్వాంసులకు ఉన్న అసలు అభ్యంతరం అక్కడే ఉంది. మెట్టుకు మెట్టుకు మధ్య ఖాళీ తప్ప దారి లేని వాద్యంలో స్వరాన్ని ఊపడం, జార్చడం సాధ్యం కాదు. ఇదే లోపాన్ని చూపి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గానీ ఆ పట్టు సడలించడం మొదలుపెట్టలేదు. కుడిచేత్తో మెట్టు నొక్కి ఎడమచేత్తో చక్రం తిప్పితే గమకం వంటిది కొంత వస్తుంది. చెన్నైకి చెందిన కీబోర్డు సత్య వంటివారు కీబోర్డు మీద కర్ణాటక కచేరీలే చేశారు. అయితే అది ఏళ్ళ సాధన ఫలం, కొత్తవారు ఆశించవలసినది కాదు. మోహన, హంసధ్వని, శంకరాభరణాల్లోని తేలిక రచనలు, సినిమా పాటలు, భజనలు ఈ పెట్టె మీద హాయిగా పలుకుతాయి. తోడిలో గాంధారం అలా పలకదు. సూటిగా నొక్కిన ఆ గాంధారాన్ని విని ఇదే తోడి అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, శాస్త్రీయ సంగీతమే గమ్యంగా పెట్టుకున్నవారు గాత్రం పాఠాన్ని కూడా పక్కన సాగించాలి, లేదా కష్టమైనా నేరుగా వయొలిన్‌కే పోవాలి.

లోపాల్లో మరొకటి స్పీకర్లు. రెండు వాట్లవి రెండే కాబట్టి ఒక గదికి చాలుతాయి, పందిట్లో భజనకు చాలవు, మంద్రస్థాయి స్వరాలు పలుచగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ వెలితి చాలావరకు తీరుతుంది, అపార్ట్‌మెంటులో రాత్రి పూట పక్కింటివారి నిద్ర కూడా చెడదు. 48 స్వరాల వరకు ఒకేసారి మోగగలవన్న పరిమితి కొత్తవారికి అడ్డు కాదు.

కొనేటప్పుడు డబ్బా తెరిపించి, దుకాణంలోనే ఎడమ చివర నుంచి కుడి చివర వరకు ఒక్కో మెట్టునూ ఒకే బరువుతో నొక్కుతూ పోవాలి. ఏ మెట్టయినా లేవడానికి ఆలస్యం చేసినా, పక్కవాటికంటే మోత తేడాగా వినిపించినా వేరేది అడగాలి. వాడిన కీబోర్డు కొనేవారు మధ్యస్థాయి మెట్లను మరింత శ్రద్ధగా చూడాలి, అరుగుదల అంతా అక్కడే ఉంటుంది. స్టాండు విడిగా కొనుక్కోవలసి వస్తుంది; అది వెంటనే కుదరకపోతే పీట మీద పెట్టుకుని నేల మీద కూర్చుని వాయించినా తప్పులేదు, మోచేయి మెట్ల ఎత్తుకు సమంగా ఉంటే చాలు.