టొండర్న్ జిల్లా: మొత్తం లెక్కా, ఊరూరి లెక్కా?

ఇప్పటి జర్మనీ-డెన్మార్క్ సరిహద్దులో జర్మన్ రాజ్యమైన ప్రష్యా 1867లో ఏర్పరచిన గ్రామీణ జిల్లా టొండర్న్. డేనిష్, జర్మన్, ఫ్రిజియన్ భాషలు మూడూ అక్కడ ఇరుగుపొరుగునే వినిపించేవి. ఈ ప్రాంతం జర్మనీలో ఉండాలా, డెన్మార్క్‌లో చేరాలా అని 1920లో ఓటింగ్ జరిపారు. జిల్లా రెండు ఓటింగ్ మండలాల మధ్య చీలింది, ఒక్కో మండలంలో ఒక్కో లెక్క.

ఉత్తరాన ఫిబ్రవరి 10న మొదటి మండలం అంతటికీ కలిపి ఒకే లెక్క. డెన్మార్క్‌కు 75 శాతం వచ్చాయి, ప్రాంతమంతా అటే పోయింది. ఇందులో ఇరుక్కున్న వాటిలో టొండర్ పట్టణం (జర్మన్‌లో టొండర్న్) ఒకటి. అక్కడ నాలుగింట మూడొంతుల మంది జర్మనీకే వేశారు, అయినా జిల్లా కేంద్రం డెన్మార్క్ పాలైంది. గీత తిన్నగా, తేల్చడం తేలిక. నష్టమంతా అంచున ఉన్నవాళ్లకే.

దక్షిణాన మార్చి 14న ఊరూరా విడివిడి లెక్క. వినడానికి ఇదే న్యాయం. కానీ ఫ్యోర్ దీవిలో మూడు ఊళ్లు డెన్మార్క్ వైపు మొగ్గినా జర్మనీలోనే ఉండిపోయాయి: సరిహద్దుకు ఆనుకోని ఊరిని విడదీసి ఇవ్వడం ఎలా? మండలం మొత్తమ్మీద 80 శాతం జర్మనీకే పడ్డాయి.

నా లెక్కన రెండోదే మెరుగు, అదీ సరిహద్దును ఆనుకున్న ఊళ్లవరకే.

రేవులను మాత్రం ఏ పద్ధతీ పట్టించుకోలేదు. జర్మనీకి మిగిలిన సిల్ట్ దీవికి పడవలు బయల్దేరే హోయర్ రేవు డెన్మార్క్‌లో పడింది. 1927లో సముద్రంలో కట్టమీద రైలు వేసేదాకా దీవికి అదే ముఖ్యమైన దారి. మిగిలిన దక్షిణ భాగం జూట్‌టొండర్న్ పేరుతో 1970 వరకు నడిచి, నార్డ్‌ఫ్రీస్లాండ్ జిల్లాలో కలిసింది.