ఖోకా ఎటు పడుతుందో చూడండి: ఎస్‌ఎల్‌ఆర్‌తో పద్దెనిమిదేళ్ళు

సర్వీసులో పద్దెనిమిదేళ్ళు నేను మోసింది 7.62 మిల్లీమీటర్ల ఎస్‌ఎల్‌ఆర్‌నే, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌నే. బెల్జియం వాళ్ళ ఫాల్ రైఫిల్ నమూనా మీద ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన సెమీ ఆటోమేటిక్, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కో గుండే. ఖాళీగానే నాలుగు కిలోలు దాటుతుంది, ఆపైన 20 రౌండ్ల మ్యాగజైన్. జీపులో ఎటు తిప్పి పెట్టుకున్నా ఎవరో ఒకరి మోకాలికి తగులుతుంది. మొదటి ఫైరింగ్ నాడు రాత్రి అన్నం ముద్ద ఎత్తడానికి నాకు చెయ్యి లేవలేదు. అయినా తర్వాత చేతికొచ్చిన ఇన్సాస్ రైఫిల్ కంటే దీన్నే ఎక్కువ నమ్మాను.

ఇది మొరాయిస్తే అందరూ ‘ఆగిపోయింది సార్’ అనే అంటారు. ఎలా ఆగిందన్నది చూడరు. ఖోకా, అంటే పేలిన రౌండు ఖాళీ తొడుగు, చాంబర్‌లోనే (రౌండు కూర్చునే గదిలోనే) ఉండిపోయిందా? బయటికొస్తూ కిటికీలో ఇరుక్కుందా? ఖోకా పడిపోయి, కొత్త రౌండు ఎక్కలేదా? మూడూ వేరు వేరు జబ్బులు. ఏదైనా సరే, ముందు రైఫిల్ మూతి బట్టు (టార్గెట్ల వెనక మట్టి గట్టు) వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, మ్యాగజైన్ దించి, ఆ తర్వాతే లోపలికి చూడాలి.

నేను చూసినవాటిలో ఎక్కువ గ్యాస్ గొడవలే. తూటా వెళ్తుంటే బ్యారెల్ రంధ్రంలోంచి కొంత గ్యాస్ పైకి వచ్చి పిస్టన్‌ని తన్నుతుంది, ఆ దెబ్బకు చాంబర్‌ని మూసి ఉంచే బోల్ట్ వెనక్కి వస్తుంది. గ్యాస్ చాలకపోతే సగం దూరం వచ్చి తిరిగిపోతుంది. అంతకుముందే ఖోకాలు కాళ్ళ దగ్గర నీరసంగా పడుతుంటాయి. మిగులు గ్యాస్ బయటికి పోయే దారిని రెగ్యులేటర్‌తో ఒకటి రెండు మెట్లు మూస్తే దారికొస్తుంది. ‘ఎందుకొచ్చిన టెన్షన్’ అని పూర్తిగా మూసేసేవాళ్ళున్నారు. అప్పుడు ఖోకా ఎక్కడికో ఎగురుతుంది, భుజం వాస్తుంది, రైఫిలూ అరుగుతుంది.

ఒకసారి సాగర్‌లో గార్డు డ్యూటీ. గేట్లు ఎత్తారు, తుంపర గాలికి ఇనుమంతా చెమ్మ. రాత్రి కూర్చుని విప్పి, తుడిచి, పిస్టన్‌కి కూడా నూనె పట్టించి బిగించాను. మరుసటి వారం ఫైరింగ్‌లో గుండు గుండుకీ చేత్తో కాకింగ్ హ్యాండిల్ లాగాల్సి వచ్చింది. మ్యాగజైన్ మార్చాను, స్ప్రింగ్‌ని తిట్టాను. మా హెడ్డుగారు వచ్చి పిస్టన్ ముందుండే గ్యాస్ ప్లగ్ చూసి నవ్వారు. తిరగేసి పెట్టాను! రైఫిల్ మూతి నుంచి గ్రెనేడ్ విసరడానికి ఉన్న వైపు అది, పిస్టన్‌కి గ్యాసే పోదు. సరిచేసి, ‘పిస్టన్‌కి నూనె ఎవరు పెట్టమన్నారు బిడ్డా? అది పొడిగా ఉండాలె’ అన్నారు. నూనె మీద మసి పట్టి గట్టిపడుతుంది మరి.

మ్యాగజైన్ పెదవులు వంగినా రౌండు సరిగా ఎక్కదు. అనుమానముంటే మ్యాగజైన్ మీద సుద్దముక్కతో గీత పెట్టి ఇంకో రైఫిలుకి తగిలించండి. జబ్బు దాని వెంటే వెళ్తే రైఫిలు తప్పు లేదు. ఖోకాలు చాంబర్‌లోనే మిగులుతుంటే ముందు చాంబర్‌కి పుల్‌త్రూ (గుడ్డ కట్టిన శుభ్రం చేసే తాడు) లాగండి. అయినా మారకపోతే ఖోకాని పట్టి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, దాని స్ప్రింగ్ చూడాలి. అది ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ పని, మేకుతో గెలకొద్దు.

ఫైరింగయ్యాక ఖోకాలు లెక్కపెట్టి జమచేయాలి. పాలమూరు అవతల గుట్ట కింద, తంగేడు పొదల్లో టార్చి వేసుకుని వెతుక్కున్న సాయంత్రాలున్నాయి. ప్లగ్ గొడవ తర్వాత మాత్రం నావి ఎప్పుడూ కుడిపక్కన, చాప పరిచినంత జాగాలోనే దొరికేవి.