రేకుల షెడ్డుకు ఫోమ్ కొట్టించి నాలుగేళ్లు

హైదరాబాద్ కాటేదాన్‌లో మాకు చిన్న పచ్చళ్ల ప్యాకింగ్ షెడ్డు ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రేకుల కింద నిలబడటం నరకం. 2021లో రేకుల అడుగున స్ప్రే ఫోమ్ కొట్టించాం, అంటే పిచికారీ చేయగానే ఉబ్బి అతుక్కుని వేడిని ఆపే నురుగు. పెద్ద హాలుకు గట్టి రకం, అంటే క్లోజ్డ్ సెల్, రెండంగుళాలు. ముందున్న ఆఫీసు గదికి ఖర్చు తగ్గుతుందని మెత్తటి ఓపెన్ సెల్.

హాలులో వేడి బాగా తగ్గింది. అలాగని ఏసీ వేసినట్టు ఉంటుందనుకోకండి. రేకు నుంచి దిగే సెగ ఆగుతుంది, అంతే. షట్టర్ తెరిచి పెడితే బయటి వడగాలి ఎలాగూ వస్తుంది.

ఆఫీసు గదిలోనే దెబ్బతిన్నాం. రేకు స్క్రూ దగ్గర వాషర్ పాడై నీళ్లు దిగాయి. మెత్తటి ఫోమ్ స్పాంజిలా పీల్చుకుంది. బయటికి చుక్క కూడా రాలేదు కాబట్టి రెండు వానాకాలాలు మాకు తెలియనే లేదు. వాసన వస్తోందని కోసి చూస్తే రేకు తుప్పు పట్టి ఉంది. గట్టి రకం నీళ్లు పీల్చదు. పైగా అంగుళానికి అంగుళం చూస్తే వేడిని ఆపడంలో మెత్తటిదానికి దాదాపు రెట్టింపు. మన వానలకు, రేకుల కింద అదే సరి.

గట్టి రకమైనా కళ్లు మూసుకుని నమ్మొద్దు. మొదట వచ్చిన కాంట్రాక్టర్ నలభై డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకు నలభై కిలోలు అన్నాడు. శాంపిల్‌ని పది సెంటీమీటర్ల ఘనంగా కోసి, మసాలా తూచే కాటాలో పెట్టాం. నలభై గ్రాములు రావాలి, ఇరవై ఆరే వచ్చింది. పంపించేశాం. మందం చూడటానికి సన్నటి తీగ గుచ్చితే చాలు.

కొట్టేముందు రేకు కడిగి, బాగా ఆరబెట్టాలి. దుమ్ము మీద కొడితే పెచ్చులుగా ఊడుతుంది. మేం రెండు రోజులు షెడ్డు మూసేశాం, పచ్చళ్లకు ఆ వాసన పడుతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. వెంటిలేటర్ పక్కన ఎండ తగిలే చోట కోటింగ్ వేయించలేదు, అక్కడ ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతోంది. ఇంకోటి, దీనికి నిప్పంటుకుంటే ఆగదు. దగ్గర్లో వెల్డింగ్ అసలు వద్దు.

మొన్న ఆఫీసు గదిలో మెత్తటిదంతా పీకించి, వాషర్లు మార్చి, గట్టిదే కొట్టించాం. వాన పడుతుంటే ఫోన్ మాట్లాడటానికి మాత్రం పాతదే హాయిగా ఉండేది.