బెంగళూరులో ఒక నిరాశ్రయుల వసతి గృహం: మాజీ జవానుకు ఎంతవరకు పనికివచ్చింది?

వరుసకు పెదనాన్న అయ్యే ఒక మాజీ జవాను కోసం, బెంగళూరు తూర్పు భాగంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వసతి గృహానికి నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం వెళ్లివచ్చాను. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి హలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపు అనే సైనిక దళంలో చేరిన ఆయనను, తొమ్మిదేళ్ల సర్వీసు తరువాత 1986లో అనారోగ్య కారణంగా ఇంటికి పంపించారు. ఆ జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని తేల్చడం వల్ల, పదేళ్లు కూడా నిండకపోవడం వల్ల ఆయనకు పింఛను రాలేదు, గ్రాట్యుటీతో సరిపెట్టారు. ఆ తరువాత అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తూ గేటు పక్కన కాపలా గదిలోనే కాపురమున్నారు. వయసు మీదపడిందని పనిలోంచి తీసేసిన రోజునే ఆ గదీ పోయింది.

సైనికులకు ఇళ్ల పథకాలు లేవా అని చాలామంది అడిగారు. 1978లో ఏర్పడిన సైనిక గృహనిర్మాణ సంస్థ కట్టేవి డబ్బు పెట్టి కొనుక్కునే ఇళ్లు. సైనిక విశ్రాంతి గృహాలు పనిమీద ఊరికి వచ్చినవారు కొద్ది రోజులు దిగడానికి ఉద్దేశించినవి. తలదాచుకునే చోటే లేనివారికి చివరికి మిగిలేది అందరికీ ఉన్న వసతి గృహమే.

ఇక్కడ శుభ్రతకు వంక పెట్టలేము. రాత్రి రాగిసంగటి, ఆకుకూర పులుసు పెడతారు. సంగటి మన వైపుకన్నా గట్టిగా ఉంటుందని పెదనాన్న మొదటి వారమంతా సణిగి, తరువాత రెండో ముద్ద అడగడం మొదలుపెట్టారు. మంచాల సంగతి మాత్రం వేరు. ఇటువంటి గృహాలలో మనిషికి 50 చదరపు అడుగుల స్థలం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెబుతున్నా, ఇక్కడ రెండు మంచాల మధ్య పక్కకు తిరిగితే తప్ప నడవలేము.

నాకు కోపం తెప్పించినది పెట్టె విషయం. ట్రంకు పెట్టెను హాలులోకి రానివ్వక వరండాలో పెట్టించారు. ఆ వారమే కురిసిన వానకు అందులోని డిశ్చార్జి బుక్కు తడిసి, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆయన సైన్యంలో పనిచేశారనడానికి చేతిలో ఉన్న రుజువు అదొక్కటే. వార్డెన్ క్షమాపణ చెప్పారు కానీ నియమం మార్చలేదు.

దానికి పరిహారమా అన్నట్టు, అక్కడి సామాజిక కార్యకర్త చేసిన సాయం మరువలేనిది. తెలుగు వచ్చిన ఆ అమ్మాయి తడిసిన పుస్తకంలోంచి సర్వీసు నంబరు కూడబలుక్కుని చదివి, రికార్డ్స్ కార్యాలయానికి దరఖాస్తు రాయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మూడుసార్లు స్వయంగా వెంట తీసుకువెళ్లింది. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన, హవల్దారు వరకు హోదా గల మాజీ సైనికులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలనెలా పేదరిక సహాయం అందుతుందని ఆమె చెప్పేవరకు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 4,000 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని 2025లో 8,000 రూపాయలకు పెంచారు.

అయితే ఈ తలుపు అందరికీ తెరుచుకోదు. పక్క మంచం మీది వ్యక్తి కూడా యూనిఫాం వేసినవారే. కాకపోతే తొంభైలలో పింఛనుకు అర్హత రాకముందే సొంత కోరికపై బయటికి వచ్చారు. 1987 జూలై 1 తరువాత అలా వచ్చినవారు నిబంధనల ప్రకారం మాజీ సైనికుల లెక్కలోకే రారు. ఆయన కోసం కార్యకర్త మామూలు వృద్ధాప్య పింఛను దరఖాస్తు నింపింది.

పెదనాన్నకు మాజీ సైనికుడిగా గుర్తింపు కార్డు వచ్చింది, సహాయం దరఖాస్తు నడుస్తోంది. మంజూరైనా ఆ 8,000 రూపాయలతో ఈ నగరంలో అద్దె కట్టి తిండి తినడం కష్టమే కనుక, ఆయన ప్రస్తుతానికి అక్కడే ఉంటున్నారు. తమవారిని అక్కడ చేర్చాలనుకునేవారు సామాజిక కార్యకర్త ఉండే రోజు కనుక్కుని వెళ్లాలి. అక్కడి అలమారాకు సొంత తాళం, కాగితాలకు మందమైన ప్లాస్టిక్ కవరు తీసుకువెళ్లాలి.