కోట చూడండి, రాత్రికి మాత్రం మోటెల్లో ఉండకండి

మాకు లేని కుక్కకు 25 డాలర్లు కట్టి వచ్చాం. ముందు ఆ ఏడుపు కానివ్వండి, కోట సంగతి తర్వాత.

తెనాలి నుంచి అమ్మానాన్నా వచ్చి నెల దాటింది. డాలస్‌లో గుళ్ళూ మాల్సూ అయిపోయాయి. మేముండే ఇర్వింగ్ నుంచి గంటన్నర పోతే టెక్సస్‌లోనే జాక్స్‌బరో అనే ఊరు, అక్కడే ఫోర్ట్ రిచర్డ్‌సన్ స్టేట్ పార్కు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. నాన్న మోకాళ్ళ కోసమని దారిలో ఒక మోటెల్ బుక్ చేశాను చూడండి, అదే నా తెలివి. గది 118, పన్నుతో 133.34. నో స్మోకింగ్ గదిట. దుప్పటి దులిపితే సిగరెట్ కంపు. మార్చమంటే కౌంటర్ కుర్రాడు ఫోన్లోంచి తలెత్తలేదు. ఏసీ రాత్రంతా రోకలి పోట్లే. అమ్మ కుర్చీలోనే తెల్లవార్చింది. పొద్దున బిల్లులో పెట్ ఫీజు 25! కార్పెట్ మీద బొచ్చు కనబడిందట. "మా ముందు దిగినవాళ్ళ కుక్కది బాబూ" అని మా ఆవిడ మొత్తుకున్నా వినలేదు.

మా నలుగురి పార్కు టికెట్లూ కలిపినా ఆ కుక్క ఖర్చంత కాలేదు.

లోపలికెళ్ళగానే నాన్న మొహం మాడ్చారు. "గోడేదిరా? బురుజేదీ? కొండవీడు చూసిన కళ్ళకి ఇది హైస్కూల్లా ఉంది." నిజమే, ఇది గోడల్లేని కోట. 1867లో అమెరికా సైన్యం పెట్టిన సరిహద్దు ఠాణా. 1878లో వదిలేసి పోయారు. మిగిలినవాటిలో రాతి ఆసుపత్రి ముందు ఆగి చూడాలి. నిలువు దుంగలు పాతి కట్టిన అధికారుల ఇల్లూ బాగుంది.

నాన్నని కదిలించింది మాత్రం కేసు. ఆయన ముప్ఫై ఏళ్ళు కోర్టు గుమాస్తా. 1871 మేలో కయోవాలు, అంటే ఇక్కడి ఒక ఆదివాసీ తెగవాళ్ళు, సరుకు బళ్ళ మీద పడి ఏడుగురిని చంపారు. అంతకు కాస్త ముందే అమెరికా సైన్యాధిపతి జనరల్ షెర్మన్ అదే దారిన ఈ కోటకి చేరాడు. నాయకులు ముగ్గురిని పట్టుకుంటే, సటాంక్ దారిలోనే తిరగబడి తూటాలకు చనిపోయాడు. సటాంటా, బిగ్ ట్రీలను జాక్స్‌బరో కోర్టులో నిలబెట్టారు.

"జ్యూరీలో ఎవరు?"

"ఈ చుట్టుపక్కల తెల్లవాళ్ళే నాన్నా."

"ఇంకేం, తీర్పు ముందే రాసుంటారు." ఉరిశిక్షే వేశారు. గవర్నర్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు. సటాంటా చివరికి 1878లో హంట్స్‌విల్ జైలు కిటికీలోంచి దూకి చనిపోయాడు, కోట ఖాళీ అయిన ఏడాదే. ప్రాసిక్యూటర్ లాన్హమ్ తర్వాత తనే గవర్నరయ్యాడంటే నాన్న, "అవుతాడు మరి" అన్నారు.

చెట్టు కింద అమ్మ పులిహోర విప్పాక అందరి కోపాలూ దిగాయి. రాత్రి ఉండాలనుకుంటే పార్కులోనే టెంటు వేసుకోండి.

ఆ 25 డాలర్ల మీద కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. చిత్తుప్రతి నాన్నే రాశారు, రెండు పేజీలు.